సంచార శబ్దగ్రాహకం

జానపద కళల దృశ్య నమోదు కేంద్రంలో వీడియో విభాగానికి అధిపతి అయిన గుడిమెట్ల మార్కండేయులు గారికి ఒక దగ్గు ఉంది. అందరికీ ఉండేలాంటి దగ్గు కాదు, ప్రభుత్వం వారు శాశ్వతంగా భద్రపరిచిన దగ్గు. కేంద్రం తీసిన వీడియోల్లో ఏది తెరిచి చూసినా, తప్పెటగుళ్ళ వాళ్ళదైనా కొమ్ముబూర వాళ్ళదైనా, కళాకారులు ఎక్కడో నూతిలోంచి పాడుతున్నట్టుంటారు. మార్కండేయులు గారు మాత్రం మన పక్కనే కూర్చుని దగ్గుతారు. కెమెరాకు పుట్టుకతో వచ్చిన మైకు కెమెరాలోనే ఉంటుంది, కళాకారుడు దూరంగా ఉంటాడు, ఆయన కెమెరా వెనకాలే ఉంటారు. ఇంతకు మించి రహస్యమేమీ లేదు.

ఒకసారి యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి, "సార్, ప్రతి కథలోనూ ముఖ్యమైన చోట ఒక దగ్గు వినిపిస్తోంది. ప్రాచీన విరామ సంకేతం అనుకుని ఒక అధ్యాయం రాశాను. కరెక్టేనా?" అని అడిగింది. ఆయన అవుననబోయి, పాపభీతి వల్ల ఆగిపోయారు. ఆ రోజే తీర్మానించుకున్నారు, పాట కోసం విడిగా ఒక డిజిటల్ ఆడియో రికార్డరు కొనాలని. చేతిలో ఇమిడే వస్తువు. కళాకారుడి ముందు పెడితే గొంతు దగ్గర్నుంచి పట్టుకుంటుంది, తర్వాత దాన్ని వీడియోకి జతచేసుకోవచ్చు.

తొందర పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కారణం పేరు పారమ్మ.

బొబ్బిలి అవతల ఒక పల్లెలో ఉంటుంది పారమ్మ. జముకుల కథ చెబుతుంది. జముకంటే కుంచంలాంటి పాత్రకి ఒకవైపు తోలు బిగించి, లోపలి తీగను మీటి మోగించే వాయిద్యం. కాలికి గజ్జె కట్టి, జముకు చంకన పెట్టి, పైడినీలమ్మ కథ మొదలుపెడితే పొద్దు వాలేదాకా సాగుతుంది. ఆ కథ ఇప్పుడు ఆమెకు తప్ప ఇంకెవరికీ రాదు. వంత పాడేవాళ్ళంతా పోతే వంత కూడా తనే పాడుకుంటోంది. మార్కండేయులు గారు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు ఆమె అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఉన్నమాట చెప్పింది.

"గొంతు ఆరిపోతన్నాది బాబూ. ఇంకొక్కపాలి మొత్తం కత సెప్పి, మంగళం పాడి, గజ్జె ఇప్పీసి అమ్మోరికి ఇచ్చీస్తాను. మా ఇంటి ఆనవాయితీ అంతే. మంగళం పాడి గజ్జె ఇప్పినోలు మళ్లీ కట్టరు, ఆ కత ఎత్తరు. నీ మిసనేదో అప్పుడు అట్టుకురా. నాకు ఒక్కటే కోరిక."

"చెప్పండి పారమ్మ గారూ."

"పుట్టి బుద్దెరిగినకాడి నుంచి నానే సెప్తన్నాను. ఎదురుగ్గా కూకుని ఇన్లేదు. నీలమ్మ కత ఎలగుంటాదో నాకు తెల్దు. ఒకపాలి నాకు ఇనిపిస్తావేటి?"

"తప్పకుండా వినిపిస్తాను" అని మాటిచ్చేశారు మార్కండేయులు గారు. పైవాళ్ళ మంజూరు లేకుండా ఆయన ఇవ్వగలిగింది అదొక్కటే కాబట్టి ధారాళంగా ఇచ్చారు.

మామూలు మనిషైతే ఆ సాయంత్రమే బజారుకెళ్ళి కొట్లో అడిగి ఒక రికార్డరు తెచ్చుకునేవాడు. మార్కండేయులు గారు మామూలు మనిషి కాదు, ఆఫీసరు. నోట్ పెట్టారు.

నోట్ చదివిన డైరెక్టరు డాక్టర్ రాయవరపు విశ్వపతి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన అలా చేశారంటే దేశానికి ఏదో మేలు జరగబోతోందని ఆఫీసులో అందరికీ తెలుసు.

"రికార్డరు కొందాం అంటున్నారు. ఇది కొనుగోలు కాదు మార్కండేయులు గారూ. ఇది శబ్దం పట్ల ఈ కేంద్రం అవలంబించబోయే వైఖరి. అసలు 'రికార్డరు' అనే మాటేమిటి, కిరాణా కొట్టు మాటలా? సంచార శబ్దగ్రాహకం అనండి. దానికి ఒక ఎంపిక సంఘం ఉండాలి. అధ్యక్షుణ్ణి నేను. ఆర్థిక సభ్యురాలు కృపావతి గారు. మీరు సభ్య-కన్వీనరు."

సభ్య-కన్వీనరు! ఆ మాట మార్కండేయులు గారికి బెల్లం ముక్కలా తగిలింది. రికార్డరు సంగతి సగం మర్చిపోయి, ఇంటికెళ్ళి భార్యతో చెప్పారు. "అంటే టీలు పురమాయించే ఆయనా?" అందావిడ. ఆవిడకి పరిపాలన తెలీదని జాలిపడ్డారు. మర్నాడు మొదటి సమావేశంలో టీలు ఆయనే పురమాయించారు.

సమావేశంలో కృపావతి గారు మొదటి ప్రశ్న వేశారు. ఆవిడ ఏ ఫైలునైనా దొంగసరుకు చూసినట్టే చూస్తారు. "ఈ యంత్రం రికార్డు చేస్తుందా, వినిపిస్తుందా?"

"రెండూ చేస్తుందండి."

"ఒక పనికే మంజూరు అడిగారు. రెండో పని ఎందుకు చేస్తోందో వివరణ పెట్టండి."

మార్కండేయులు గారు వివరణ పెట్టారు. తర్వాత మైకు సంగతి వచ్చింది. కొన్ని మంచి మైకులకు కరెంటు కావాలని, దాన్ని రికార్డరే అదే తీగలోంచి పంపిస్తుందని, కంటికి కనబడకుండా పోతుంది కాబట్టి దాన్ని ఫాంటమ్ పవర్ అంటారని ఆయన ఉత్సాహంగా చెప్పారు. కృపావతి గారు కలం కింద పెట్టేశారు.

"కంటికి కనబడనిదాన్ని స్టాకులో ఎలా ఎక్కించను? ఆడిట్ వాళ్ళొచ్చి చూపించమంటే మీరు చూపిస్తారా?"

ఇంకేముంది, దాని మీద ఒక పూట గడిచింది. మరో పూట చప్పట్ల మీద గడిచింది. బొమ్మ ఒకచోట, శబ్దం ఒకచోట రికార్డవుతాయి కాబట్టి మొదట్లో కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే, చేతులు కలిసిన బొమ్మనూ టప్పుమన్న చప్పుడునూ ఒకచోటికి చేర్చి రెంటినీ జతచేయవచ్చని మార్కండేయులు గారు చెప్పారు. చెప్పకుండా ఉండవలసింది.

"ఎవరు కొడతారు?" అన్నారు డైరెక్టరు గారు.

"ఎవరైనా కొట్టొచ్చు సర్. కెమెరామన్ నూకరాజు..."

"నూకరాజా! బొమ్మనూ శబ్దాన్నీ ముడివేసే ఆ కీలక క్షణాన్ని నూకరాజు చేతుల్లో పెడతారా? అది ధ్రువీకరణ అండీ. సంతకంతో సమానం. అధ్యక్ష హోదాలో ఉన్నవారే కొట్టాలి. వారు సెలవులో ఉంటే, వారు రాతపూర్వకంగా అధికారమిచ్చినవారు కొట్టాలి."

ఈ దశలో మార్కండేయులు గారు నవ్వుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ సంఘంలో కూర్చోగా కూర్చోగా ఆయనకీ పూనకం వచ్చింది. కంపెనీలు తెచ్చే నమూనా యంత్రాల మీద ఎవరికీ మొగ్గు ఉండకూడదని పేర్లు తీసేసి నక్షత్రాల పేర్లు పెట్టించారు: అశ్విని, భరణి, కృత్తిక. పనిచేసే ఫోను దగ్గరుంటే రికార్డరులో బుర్రుమని చప్పుడొస్తుంది కాబట్టి పరీక్ష రోజు హాల్లోకి ఫోన్లు రానివ్వకూడదన్నారు. కెమెరా సొంత మైకును పూర్తిగా ఆపేయాలన్నారు, దగ్గు చరిత్ర ఆయన మర్చిపోలేదు. ఇవన్నీ అయ్యాక, ఇంటి దగ్గర స్నానం చేస్తుంటే తట్టిందట ఆయనకి ఆ మహత్తర నిబంధన. తడి ఆరకముందే వచ్చి టైపు చేశారు.

పరీక్ష కోసం రికార్డయిన శబ్దాన్ని సభ్యులు అప్పటికప్పుడు హెడ్‌ఫోన్లలో విని మార్కులు వేయాలి. వేయగానే మూడు యంత్రాల్లోనూ దాన్ని చెరిపేయాలి. మళ్ళీ మళ్ళీ వింటే మనసు ఒక యంత్రం వైపు మొగ్గుతుంది, పైగా ప్రభుత్వ శబ్దం కంపెనీల చేతికి పోతుంది.

"నిష్పాక్షికతకు పరాకాష్ఠ!" అన్నారు డైరెక్టరు గారు. కృపావతి గారంతటి ఆవిడే తలూపారు. మార్కండేయులు గారు ఆ కాగితాన్ని తనే ముద్దక్షరాల్లో మళ్ళీ కొట్టుకుని, దాని కాపీ ఒకటి టేబులు అద్దం కింద పెట్టుకున్నారు.

ఇక మిగిలింది పరీక్షకు ఏ శబ్దం వాడాలన్నది. ఒకటి, రెండు, మూడు అని చదివితే చాలన్నారు కృపావతి గారు. తన రిపబ్లిక్ దినోత్సవ ప్రసంగం సిద్ధంగా ఉందన్నారు డైరెక్టరు గారు. ఆ ప్రమాదం తప్పించడానికి మార్కండేయులు గారు గబుక్కున అనేశారు: "సర్, మనం రేపు దేన్ని రికార్డు చేయబోతున్నామో దాంతోనే పరీక్షించాలి. పారమ్మను పిలిపిద్దాం. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో కూడా తేలాలి కదా, కథ మొత్తం చెప్పిద్దాం."

తన తెలివికి తనే మురిసిపోయారు. పారమ్మకు కబురు వెళ్ళింది: కేంద్రానికి రండి, మూడు మిషన్లు పెడతాం, కథ మొత్తం చెప్పండి. పరీక్ష అన్న ముక్క ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి ఊళ్ళో ఆమెకు మాత్రం తెలీకుండా ఎలా ఉంటుంది?

పారమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఎర్రటి గుడ్డలో గజ్జెలు, చంకలో జముకు. హాల్లో కిటికీలు మూసేశారు, ఫ్యాన్లు ఆపేశారు. బల్ల మీద పట్టుగుడ్డ పరిచి, అశ్విని, భరణి, కృత్తికలను వరసగా పెట్టి మూడింటికీ బొట్లు పెట్టారు. డైరెక్టరు గారు కెమెరా ముందుకొచ్చి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు ఆయనకే నచ్చి ఇంకోసారి కొట్టారు. రెంటిలో ఏది అధికారికం అని కృపావతి గారు అడిగారు. మొదటిది రద్దు చేస్తున్నట్టు తెలియజేస్తూ ఆయన మూడోది కొట్టారు.

"అయిపోనాదా బాబూ బజన? మొదలెట్టేదా?" అంది పారమ్మ.

మొదలెట్టింది. చెప్పొద్దూ, హాలు హాలంతా మారిపోయింది. ముసలి గొంతు మొదట్లో కాస్త గీసుకుంది, జముకు రెండుసార్లు మోగేసరికి ఎక్కడ దాచుకుందో గానీ బయటికొచ్చింది. డైరెక్టరు గారి టీ చల్లారిపోయింది. నీలమ్మ బిడ్డను వీపున కట్టుకుని ఏరు దాటే ఘట్టంలో కృపావతి గారు కొంగుతో కళ్ళొత్తుకుని, మార్కుల కాగితం మీద 'భరణి: తడి శబ్దాలు స్పష్టం' అని రాసుకున్నారు. నూకరాజు భోజనం గురించి అడగలేదు, అది మాత్రం కేంద్రం చరిత్రలో మొదటిసారి.

ఆ హాల్లో ఆ కథ విలువ అందరికంటే బాగా తెలిసిన మనిషి మార్కండేయులు గారు. ఆయన ఆ రోజంతా యంత్రాల మీద పైకీ కిందికీ ఆడే పచ్చగీతలు చూస్తూ గడిపారు. పాట ఎర్రగీత దాటుతుందా లేదా, అశ్వినిలో బ్యాటరీ ఎంత ఉంది, కృత్తికలో బుస వస్తోందా. నీలమ్మ కోటకు పరుగెత్తిందని, ఏరు పొంగుతోందని రాజుతో చెప్పిందని లీలగా చెవిన పడింది. రాజు ఏమన్నాడో వినేలోపు అశ్విని బ్యాటరీ మిణుకుమంది. ఆయన దానివైపు వంగారు.

పొద్దు వాలేవేళకి పారమ్మ మంగళం పాడింది. పాడి, కింద కూర్చుని, కాళ్ళ గజ్జెలు ఒక్కొక్కటే విప్పి, కళ్ళకద్దుకుని ఎర్రగుడ్డలో మూట కట్టింది. నూకరాజు ఆ చేతుల్ని దగ్గరగా పట్టాడు. ఎంత మంచి దృశ్యం అని డైరెక్టరు గారు మెచ్చుకున్నారు.

"బాబూ, ఇనిపిస్తావా?" అంది పారమ్మ, చెమట తుడుచుకుంటూ.

"ఇప్పుడు కాదు పారమ్మ గారూ, నిబంధనలున్నాయి. కొత్త మిషను కొన్నాక నేనే మీ ఇంటికి తెచ్చి వినిపిస్తాను."

"సర్లే. ఇన్నాళ్లు ఆగినాను, ఇంకొన్నాళ్లు ఆగలేనేటి?" అని ఆమె బస్సెక్కింది.

మార్కులు పడ్డాయి. చెరపడం కన్వీనరు విధి. మార్కండేయులు గారు మీట నొక్కితే యంత్రం 'నిజంగా చెరిపేయాలా?' అని అడిగింది. సంఘంలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన అవునని నొక్కారు. రెండోదీ అడిగింది, మూడోదీ అడిగింది. ఎందుకిన్నిసార్లు అడుగుతాయో అని విసుక్కుంటూ అన్నింటికీ అవుననే చెప్పారు. మళ్ళీ పాడుతుందిగా అనుకున్నారు.

గజ్జె విప్పితే మళ్ళీ కట్టరని ఆమె చెప్పిన మాట ఆయన చెవులారా విన్నారు. గజ్జె విప్పడం కళ్ళారా చూశారు. ఆ రెంటినీ జతచేయాలని మాత్రం తట్టలేదు. బొమ్మనూ శబ్దాన్నీ జతచేయడమే కదా ఆయన ఉద్యోగం!

భరణి గెలిచింది. ఫైళ్ళు తిరిగి తిరిగి, వానాకాలం పోయి చలికాలం వచ్చాక కొత్త భరణి వచ్చింది. ప్రారంభోత్సవం చేసి, అందులో మొట్టమొదట డైరెక్టరు గారి ప్రసంగం రికార్డు చేశారు. ఆ ప్రమాదం ఎంత తప్పించుకున్నా తప్పలేదు. తర్వాత ఆఫీసు జీపులో మార్కండేయులు గారూ నూకరాజూ పల్లెకు బయల్దేరారు. దారి పొడుగునా మార్కండేయులు గారు ఒళ్ళో భరణిని పసిపిల్లలా పెట్టుకుని హుషారుగా ఉన్నారు. ఇక తన దగ్గు చరిత్రలో కలిసిపోతుంది, పారమ్మ గొంతు నిలిచిపోతుంది.

వీధిలో చాపలు పరిచి ఉన్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. పారమ్మ చింతపండు పిక్కలు తీస్తున్నదల్లా చెయ్యి కడుక్కుని, వాళ్ళందరి మధ్యా చోటు చేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అందర్నీ పిలిసినాను బాబూ. నానూ మీతోపాటు కూకుని ఇంటానని సెప్పినాను. నీ మిసనెట్టు."

"అది తర్వాత పారమ్మ గారూ. ముందు మీరు ఒకసారి కథ చెబితే, ఈ కొత్తదాంట్లో..."

"కత సెప్పీసినాను గదా?"

"అప్పుడు చెప్పారు. ఇప్పుడు ఇంకోసారి."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకప్పుడే సెప్పినాను గదా బాబూ. గజ్జె ఇప్పీసినాను. నీ ఎదురుగ్గానే ఇప్పినాను. అమ్మోరి గుమ్మానికి ఎలాడగట్టీసినాం. ఇంక నానేటి సెప్పగల్ను? నువ్వే ఎట్టు."

అప్పుడు, ఆ వీధిలో, ఆ చాపల ముందు, బొమ్మా శబ్దమూ జతపడ్డాయి మార్కండేయులు గారికి. ఏం చెయ్యాలో తోచక, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, మీట నొక్కారు. యంత్రంలో ఉన్నదేదో అదే వినిపించింది.

పారమ్మ చాలాసేపు శ్రద్ధగా విన్నది. మధ్యలో తలూపింది. ఆఖరికి హెడ్‌ఫోన్లు తీసి, సాటి కథకుడికి ఇచ్చే మర్యాదగా చప్పట్లు కొట్టింది.

"బాగానే సెప్తన్నాడు. గొంతు గట్టిది. ఈ డైరెట్రు బాబు మంగళం ఎప్పుడు పాడతాడు?"

"ఆయన పాడరండి" అన్నాడు నూకరాజు.

"సరే, నాదెట్టు మరి."

"మీది లేదు పారమ్మ గారూ. చెరిపేశాం" అన్నారు మార్కండేయులు గారు.

"ఎవులు సెరిపినారు?"

"నేనే."

"దేనికి?"

"ఏ మిషను మీ పాటను బాగా పడుతుందో తెలుసుకోవడానికి."

పారమ్మ మొహం మొదట ఎర్రబడింది, తర్వాత కళ్ళు నిండాయి. "ఓలమ్మ! ఒక్కపాలి ఇందామనుకున్నాను గదరా" అంది, ఎవరితోనో అన్నట్టు. మార్కండేయులు గారికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. యంత్రం ఆపేద్దామని గాభరాలో ఒక మీట నొక్కారు. నొక్కింది ఆపేది కాదు, రికార్డు చేసే ఎర్రది.

పారమ్మ లేచి లోపలికెళ్ళింది. తలుపు వేసుకుంటుందనుకున్నారు. జముకుతో తిరిగొచ్చింది.

"కత సెప్పడం మానీసినాను గానీ, తిట్టడం మాన్లేదు. తిట్టడానికి గజ్జెక్కర్లేదు" అని, భరణి ఎదురుగానే చతికిలబడి తీగ మీటింది.

"ఏరు పొంగొస్తన్నాది రాజా అని నీలమ్మ కోటకాడికి పరిగెత్తినాదా! రాజేటన్నాడు? మా మార్కండేయరాజేటన్నాడు? సాటింపు ఎయ్యాల, ఏ డప్పు బాగుంటాదో సూడాలన్నాడు! పెద్ద డప్పు తెచ్చినారు, పిల్ల డప్పు తెచ్చినారు, మంత్రులు కూకుని మార్కులేసినారు. ఏరు గడప దాటినాది, మార్కులేసినారు. ఏరు గాదెలో దూరినాది, మార్కులేసినారు. నీలమ్మ మొలలోతు నీటిలో నిలబడి, నా కేక ఇన్నావా రాజా అంటే, మార్కండేయరాజేటన్నాడు? ఇన్నాను తల్లీ, బాగున్నాది, సెరిపీసినాను, ఇంకోపాలి కేకెయ్ అన్నాడు!"

చాపల మీద ఆడవాళ్ళు పకపకా నవ్వి, 'ఏటన్నాడు, ఏటన్నాడు' అని వంత అందుకున్నారు. ఎన్నేళ్ళకో పారమ్మకు వంత దొరికింది. దాంతో ఆమె రాజు మీసాలు, రాజు మంత్రులు, రాజు బొట్టెట్టిన డప్పులు అన్నింటినీ ఏకిపారేసింది. నూకరాజు కూడా వంత పాడుతున్నాడని మార్కండేయులు గారు గమనించారు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి ఆయనకు దగ్గు పట్టుకుంది.

తిట్టి తిట్టి అలిసిపోయాక పారమ్మ జముకు పక్కన పెట్టింది. "అంతే. మిగతాది సెప్పను. లెండి, కూడు తినెల్లండి. సేపల పులుసొండినాను."

కేంద్రానికి తిరిగొచ్చాక గానీ ఎర్రమీట సంగతి బయటపడలేదు. సంఘం సమావేశమై విన్నది. డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని విని పరవశించారు. "ఎంత స్పష్టత! ఒక్క అక్షరం పోలేదు. మన ఎంపిక ఎంత సరైనదో చూశారా! ఈ మార్కండేయరాజు ఏ వంశం వాడండీ?"

"చిన్న సంస్థానం సర్" అన్నారు మార్కండేయులు గారు. "తెలివి తక్కువ రాజులని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు."

కృపావతి గారు మాత్రం ఫైలు తిరగేశారు. "కొన్న తర్వాత మొదటి బయటి రికార్డింగు పరీక్ష కిందికే వస్తుంది. పరీక్ష శబ్దం చెరిపేయాలి. ముద్దక్షరాల్లో ఉంది. మీరు రాసిందే."

"నిబంధన నిబంధనే" అన్నారు డైరెక్టరు గారు. "చెరిపేసి ఇంకోసారి పాడించండి."

ఇంకోపాలి కేకెయ్! మార్కండేయులు గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. భరణిని తన గదికి తీసుకెళ్ళి మీట నొక్కారు. 'నిజంగా చెరిపేయాలా?' అంది. ఈసారి ఆ ప్రశ్న ఆయనకు చాలా తెలివైన ప్రశ్నలా తోచింది. వద్దని నొక్కి, పాట తీసి దాచుకున్నారు. బయటికొచ్చి "అయిపోయింది సర్" అన్నారు. సర్వీసులో ఆయన చేసిన మొదటి నిబంధనోల్లంఘన అది. చేసింది, తనను తిట్టిన తిట్లను కాపాడుకోవడానికి.

పరీక్ష రోజున నూకరాజు తీసిన మూగ వీడియో ఉంది. అందులో అదే ఘట్టం వెతికి, ఈ పాటను దానికి జతచేయబోయారు. 'ఏరు పొంగొస్తన్నాది రాజా' దగ్గర పెదవులు అచ్చంగా కలిశాయి. రాజు పేరు దగ్గర కలవలేదు. అక్కడ పారమ్మ పెదవులు వేరే ఏదో పేరు పలుకుతున్నాయి. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ పేరేదో అంతుపట్టలేదు. ఆ పేరు పలికినప్పుడు తను ఎదురుగానే ఉన్నారు, పచ్చగీతలు చూస్తూ. అది తలుచుకుంటే ఆయనకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆదివారం నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళారు. పారమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుని వినిపించారు. ఆమె మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జముకు మోగినప్పుడు వేళ్ళు తొడ మీద ఆడాయి. వంత వచ్చేసరికి తనూ గొణిగింది. కథ అంతా ఎక్కడ, ఈ కాస్త ముక్క ఎక్కడ! అయినా అయిపోయాక చాలాసేపు హెడ్‌ఫోన్లు తియ్యలేదు.

"నా గొంతు ఇలగుంటాదేటి? బాగుంది బాబూ" అంది కళ్ళు తుడుచుకుంటూ. అంతలోనే మొహం చిట్లించి, "మద్దెలో ఆ దగ్గేటి?" అంది.

"నాదే."

"సరేలే, రాజులకి దగ్గు రాదేటి."

మార్కండేయులు గారు ధైర్యం చేసి అడిగారు. "పారమ్మ గారూ, అసలు కథలో ఆ రాజు పేరేమిటి? అదొక్కటి చెప్పండి, అక్కడ నా పేరు తీసేసి అది పెడతాను."

"గజ్జె ఇప్పీసినాక సెప్పకూడదు బాబూ" అందామె. తర్వాత ఆయన మొహంలోకి ఒకసారి చూసి, హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టింది. "నీ పేరే ఉండనీ. సరిగ్గా సరిపోనాది."